మిలిటరీ లారీ ఎక్కిన లేత్ మిషన్లు

ఉద్యోగం నుంచి దిగిపోయినవాణ్ణి చూస్తే చిన్నవాళ్ళకు ఒకటే కోరిక. "సార్, మీ సర్వీసులో గొప్ప సంగతి ఏదైనా చెప్పండి" అంటారు. గొప్ప సంగతులు నా దగ్గరా ఉన్నాయి. వాటిని మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో గాని, నేను గొంతు సవరించుకోగానే మా ఆవిడ టీవీ సౌండు పెంచుతుంది. కాబట్టి అవి వదిలేస్తాను. తలెత్తుకుని చెప్పలేని సంగతి ఒకటుంది, అది చెబుతాను. కాలేజీల్లో కొత్తగా కొలువులో చేరిన మీకు నా గొప్పల కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

నేను ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో వర్క్‌షాప్ ఇన్‌ఛార్జిగా చేశాను. మా దిక్కున రాయి విసిరితే ఇంజనీరింగ్ కాలేజీ మీద పడే రోజులవి. మాది అందులో ఏదో ఊహించే పని పెట్టుకోకండి. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడా బోర్డు లేదు.

మా చైర్మన్‌కు రెండు కాలేజీలుండేవి. ఒకటి మాది. రెండోది ఆదిలాబాద్ దిక్కున, నిర్మల్ ఘాట్ ఎక్కి దిగాక, పత్తి చేల మధ్య. రెండు కాలేజీలకూ కలిపి వర్క్‌షాప్ మాత్రం ఒకటే. తనిఖీ కమిటీ ఇక్కడికి వస్తుందంటే లేత్ మిషన్లు ఇక్కడ ఉండేవి, అక్కడికి వస్తుందంటే అక్కడ ఉండేవి. మిషన్లే కాదు, మనుషులమూ అంతే. ఇక్కడా నేనే ఇన్‌ఛార్జిని, అక్కడా నేనే. మెడలో బిళ్ళ మార్చుకుంటే సరిపోయేది. తర్వాత వేలిముద్రల హాజరు వచ్చి ఈ విద్య చాలావరకు అంతరించింది. మిషన్లు మోసుకుపోగలం గాని, ఒకే వేలు రెండు ఊళ్ళలో పెట్టలేం కదా.

అరువు సొమ్ములు బరువు చేటు అని మా అమ్మ అనేది. మా అరువు సొమ్ముల బరువు మోయడానికి ఒక బండి ఉండేది. మిలిటరీ వాళ్ళు వాడి వాడి వేలానికి పెట్టిన లారీ అది. చైర్మన్ తన రాతి క్వారీ కోసం కొన్నాడు. పైన పసుపు రంగు కొట్టించాడు గాని, ఎక్కడ గీరుకుపోతే అక్కడ కింది ఆకుపచ్చ బయటపడేది. ముందుకు పొడుచుకొచ్చిన మూతి, వెనక టార్పాలిన్ గుడారం, లోపల ఇనుప బెంచీలు పీకేసిన గుర్తులు. సెల్ఫ్ స్టార్టరు పనిచేయదు. ఏటవాలు చూసుకుని నిలపాలి, లేదంటే పదిమంది నెట్టాలి. అద్దె లారీ ఎందుకు మాట్లాడలేదంటే, అద్దె లారీ డ్రైవరు పది ఊళ్ళు తిరుగుతాడు, పది చోట్ల నోరు విప్పుతాడు. మా డ్రైవరు ఆ బండి గురించి తప్ప ఇంకో మాట మాట్లాడే రకం కాదు.

"గిది కశ్మీర్ మంచుల తిరిగొచ్చిన బండి సార్. గిప్పటి బండ్లు వానకే వణుకుతయి" అనేవాడు.

"కశ్మీర్ పోయింది నువ్వు జూసినవా?"

"నేనెందుకు జూస్త? బండి మొకం జూస్తె తెలుస్తలేదా?"

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒకరోజు మా మెకానికల్ హెచ్‌ఓడీ వర్క్‌షాప్‌కు వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి, వనస్థలిపురంలో స్థిరపడ్డాడు. పాఠం చెబితే వెనక బెంచీ కూడా వినేది. అలాంటివాడు ఆ రోజు పొట్ట పట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ, ఎల్లుండి అక్కడ కమిటీ అంటండీ. మిషన్లు రేపే చేరిపోవాలండీ."

"అక్కడికెళ్ళి తెచ్చి ఎన్ని దినాలైంది సార్? బోల్టులు గూడ సక్కగ బిగియ్యలే."

"నాకు మాత్రం సరదా ఏంటండీ? చైర్మన్ గారికి మీరే ఫోన్ చేసి చెప్పండి, పుణ్యం ఉంటుంది."

ఆ పుణ్యం నాకూ అక్కర్లేదు. మిషన్లు కదిలినప్పుడల్లా ఆయనకు కడుపునొప్పి వచ్చేది. ఆయన సిగ్గు అలా కడుపులోకి పోయేది. నాకు ఏ నొప్పీ రాలేదు. నిజం చెప్పాలంటే నాకు గర్వంగా ఉండేది. లేత్ అంటే ఇనుప కడ్డీని తిప్పి చెక్కే టన్నుల బరువు మిషను, దాన్ని తప్పుగా ఎత్తితే బెడ్, అంటే అడుగు దిమ్మ, వంగిపోతుంది, వంగితే ఇక జన్మలో సరైన కడ్డీ తీయదు. చుట్టుపక్కల నా అంత తొందరగా లేత్‌ను ఊడదీసి, మళ్ళీ మట్టం చూసి బిగించేవాడు లేడని నాకు పేరు. ఆ పేరు కోసమే పరుగెత్తి చేసేవాణ్ణి. ఎందుకు చేస్తున్నానో ఆలోచించలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ గర్వమే అన్నింటికంటే సిగ్గనిపిస్తుంది.

పొద్దున్నే బయల్దేరాం. హెచ్‌ఓడీ కారులో వెళ్ళాడు, నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఆదిభట్ల దగ్గర కంపెనీ బస్సులు వరుసగా ఎదురొచ్చాయి. చల్లని అద్దాల వెనక చెవుల్లో తీగలు పెట్టుకున్న పిల్లలు మా బండిని వింతగా చూశారు. ఒకడు ఫోన్ ఎత్తి ఫొటో తీశాడు. అందులో మా కాలేజీలో చదివినవాళ్ళు కూడా ఉంటారని గుర్తొచ్చి తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాను. బండిని చూసి సిగ్గుపడ్డాను గాని, బండిలో ఉన్నదాన్ని చూసి కాదు.

రింగు రోడ్డు మీద మేడ్చల్ దాకా, అక్కడి నుంచి పెద్ద రోడ్డు మీద రోజంతా. కామారెడ్డి దాటాక బండికి జ్వరం మొదలైంది. ఘాట్ ఎక్కేటప్పుడు రెండు మలుపులకు ఒకసారి ఆపి, రాయి అడ్డం పెట్టి, రేడియేటర్లో నీళ్ళు పోయడమే పని. డ్రైవరు మాత్రం పెళ్ళికి పోతున్నంత హుషారుగా ఉన్నాడు. కోతులు టార్పాలిన్ ఎక్కితే "దిగున్రి, గది మిలిటరోళ్ళది" అని గద్దించాడు.

ఎండ వాలుతుండగా కాలేజీ చేరాం. అంతకుముందు ఎప్పుడు తెచ్చినా సెలవుల్లో తెచ్చాం, ఖాళీ కాలేజీలో దింపి ఖాళీ కాలేజీ నుంచే ఎత్తుకొచ్చాం. ఈసారి క్లాసులు నడుస్తున్నాయి. లారీ గేటులోకి తిరిగిందో లేదో, పిల్లలు వరండాల్లోంచి దూకి వచ్చారు.

"లేత్ వచ్చిందిరో!" అని ఎవడో అరిచాడు. ఈలలు పడ్డాయి.

మూడేళ్ళు మెకానికల్ చదివి లేత్ ముఖం చూడని పిల్లలు వాళ్ళు. ముందటి బ్యాచ్ రాసిన అంకెలు ఎక్కించుకుని రికార్డులు రాసేవాళ్ళట. హమాలీలను పిలవనివ్వలేదు. మొద్దులు వేసి, పైపులు పరిచి, నేను చెప్పినట్టే అంగుళం అంగుళం దొర్లించుకుంటూ మిషన్లను షెడ్డులోకి చేర్చారు. ఎవరో పరుగెత్తి కొబ్బరికాయ, బంతిపూలు, కుంకుమ తెచ్చారు. మాది ఆదివారం చర్చికి పోయే ఇల్లు. అయినా దసరాకు మా వర్క్‌షాప్‌లో మిషన్లకు బొట్టు పెడుతుంటే నేనెప్పుడూ అడ్డు చెప్పినవాణ్ణి కాను. ఆ రోజు మాత్రం చూడలేకపోయాను. పానా పట్టుకుని మిషన్ కిందికి దూరాను.

పెద్ద లేత్ తలకాయ మీద బొట్లు పెట్టింది ఒక అమ్మాయి. నాలుగో ఏడు చదువుతోంది. వంగి, కింద ఉన్న నన్ను పలకరించింది.

"సార్, గీ మిషన్లు ఇగ మావేనా?"

"ఈడ ఉన్నయంటే మీయే గద."

"మల్ల తీస్కపోరు గద?"

"ఎందుకు తీస్కపోతం? గా పెద్ద పానా ఇటియ్యి."

పానా ఇచ్చి, పోకుండా అక్కడే కూర్చుంది. "వచ్చే నెల కంపెనీ టెస్టున్నది సార్, మీ దిక్కే, ఆదిభట్లల. ఇమానం పార్టులు జేస్తరట. రాత పరీక్ష పాసైన. ఇప్పుడు లేత్ నడిపి సూపియ్యాలె. ఫోన్ల వీడియోలు జూసి నేర్చుకుంటున్న."

"ఫోన్ల జూస్తె చేతికొస్తదా?"

"రాదనే గద సార్, మిమ్ముల అడుగుతున్న."

కాదనడానికి నాకు కారణం దొరకలేదు. కరెంటు కలిపాక ఆమెను మిషన్ ముందు నిలబెట్టాను. లేత్‌లో ఇనుప కడ్డీని పట్టుకునే దాన్ని చక్కు అంటారు. దాన్ని బిగించేది చక్కు కీ, చేతిలో పట్టేంత ఇనుప తాళంచెవి. దాన్ని చక్కులో మర్చిపోయి స్విచ్చి వేస్తే, తూటాలా లేచి నుదురు పగలగొడుతుంది. అందుకే నా దగ్గర మొదటి పాఠం ఎప్పుడూ అదే.

"పెట్టిన చెయ్యే తియ్యాలె బిడ్డా. కీ తీసి పక్కన పెట్టనోళ్ళు లేత్ ముట్టొద్దు. ఎక్కడ ఉన్నా సరే, ఎవరు మర్చిపోయినా సరే, నీ కంటికి కనవడితె ముందు తియ్యి."

"తీసి పక్కన పెట్టాలె" అని తనలో తాను చదువుకుంది.

చెక్కే టూలు తిరుగుతున్న కడ్డీని తాకగానే ఇనుము రింగులు రింగులుగా ఊడి వచ్చింది. ఆమె నవ్వుతూ పట్టుకోబోయింది, చేతి మీద ఒక్కటిచ్చాను. "అది కాలుతది. కోస్తది." ఆ సాయంత్రం ఆమె తీసిన కడ్డీ ఒక కొస లావు, ఒక కొస సన్నం. కొలిచి చూసి ముఖం చిన్నబుచ్చుకుంది.

"మొదటి రోజు గింతనే. టెస్టు దాకా రోజు చెయ్యి, నీ చెయ్యే నీకు చెప్తది" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట నా నోటి నుంచి! వినేవాళ్ళకు మంచి మాటే. అన్నది, రెండు రోజుల్లో ఆ మిషన్లను ఎత్తుకుపోబోతున్నవాడు.

మర్నాడు కమిటీ వచ్చింది. అందులో ఒక పెద్దాయన, రిటైరైన ప్రొఫెసరు, లేత్ మీద చెయ్యి వేసి బొటనవేలితో రుద్దాడు. ఊరు మారినప్పుడల్లా కాలేజీ పేరు చెరిపి రంగు కొట్టేవాళ్ళం, కొట్టగా కొట్టగా దాని చర్మం మందమైపోయింది.

"ఈ లేత్‌ను నేనెక్కడో చూశాను" అన్నాడు.

హెచ్‌ఓడీ చెయ్యి కడుపు మీదికి పోయింది. "ఒకటే మోడలండీ, అన్ని చోట్లా ఇవే కొంటారండీ" అన్నాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. పెద్దాయన బంతిపూలు చూశాడు, బొట్లు చూశాడు, చుట్టూ ఆశగా నిలబడ్డ పిల్లల్ని చూశాడు. "బొట్టు మాత్రం కొత్తదే" అని చిన్నగా నవ్వి భోజనాల వైపు నడిచాడు. ఆయన అడిగితే ఆ రోజే అంతా తేలిపోయేది. అడగలేదు. ఆయన మీద నాకు కోపం లేదు, అడగకూడదని నేనూ దేవుణ్ణి వేడుకున్నాను.

సాయంత్రానికే చైర్మన్ ఫోన్ వచ్చింది. మరుసటి వారం మా కాలేజీకి కమిటీ, మిషన్లు పొద్దున్నే ఎక్కించాలి. హెచ్‌ఓడీ నా భుజం మీద చెయ్యి వేసి, "పిల్లలకు మీరే ఏదో ఒకటి చెప్పండి మాస్టారూ, నావల్ల కాదు" అని కారెక్కాడు.

నేను చెప్పాను. "రోడ్డు మీద అదిరినయి గద, లోపల చప్పుడొస్తున్నది. సర్వీసింగుకు తీస్కపోతున్నం. అయినంక తెస్తం."

ఒక్కడు కూడా అనుమానించలేదు. అనుమానిస్తే బాగుండేది. లేత్ నేర్పిన సారు చెప్పాడు కదా! ఏ చేతులతో దింపారో అవే చేతులతో ఎక్కించారు. "మెల్లగ, బెడ్ వంగుతది" అని నేను నేర్పిన మాటే ఒకరికొకరు చెప్పుకున్నారు. మధ్యలో ఆ అమ్మాయి నా నంబరు అడిగి ఫోన్‌లో ఎక్కించుకుంది.

ఎక్కించాక తెలిసింది, డ్రైవరు లారీని చదును నేల మీద నిలిపాడని. బండి మూతిలో రాడ్డు పెట్టి తిప్పాడు, దణ్ణం పెట్టాడు, కశ్మీర్ పేరు చెప్పి బతిమాలాడు. కదల్లేదు.

"నూకున్రి బిడ్డా, నూకున్రి!" అని అరిచాడు.

పిల్లలంతా వెనక చేరారు. ఆ అమ్మాయి చున్నీ నడుముకు చుట్టుకుని వాళ్ళ మధ్య నిలబడింది. "ఐసా!" అంటూ నెట్టారు. మూడేళ్ళకు వచ్చిన తమ వర్క్‌షాప్‌ను తామే గేటు దాకా నెట్టుకుంటూ పోయారు. నేను ముందు సీట్లో కూర్చుని అద్దంలో చూస్తున్నాను. దిగి నేనూ ఒక చెయ్యి వేయాలన్న ఇంగితం కూడా లేకపోయింది. ఇంజను దగ్గి అందుకుంది. నల్లటి పొగ వాళ్ళ ముఖాల మీద కొట్టింది. వాళ్ళు కేరింతలు కొట్టారు.

గేటు దాటాక వెనక నుంచి అరుపు. "సార్! సార్! ఆగున్రి!" ఆ అమ్మాయి పరుగెత్తుకొస్తోంది. చేతిలో చక్కు కీ. షెడ్డులో కిటికీ గట్టు మీద మర్చిపోయాం. బండి పక్కన పరుగెడుతూనే చెయ్యి పైకి చాపింది. నేను వంగి అందుకున్నాను.

"ఇది లేకుంటె సర్వీసింగ్ ఎట్ల జేస్తరు సార్?" అంది రొప్పుతూ.

తల కొట్టేసినట్టయింది. డ్రైవరు నా ముఖం చూసి, "దిగుతర సార్? బంద్ జేస్తె మల్ల నూకాలె" అన్నాడు.

"పోనియ్యి" అన్నాను.

మా కాలేజీకొచ్చి మిషన్లు బిగించాం. మా కమిటీ కూడా వచ్చి, చూసి, తిని పోయింది. ఆ ఏడు మా కాలేజీలో మెకానికల్ పిల్లలు తక్కువ, ప్రాక్టికల్స్ ఇంకా తక్కువ. పెద్ద లేత్ టార్పాలిన్ కప్పుకుని ఖాళీగా పడి ఉండేది. కిరసనాయిలు గుడ్డతో ఆ బొట్లు తుడిచేద్దామని ఒకటి రెండుసార్లు వెళ్ళాను. చెయ్యి ఆడలేదు.

ఆమె ఫోన్ చేసింది. "సర్వీసింగ్ అయిందా సార్? టెస్టు దగ్గరికొస్తున్నది."

"ఒక పార్టు దొరుకుతలేదు బిడ్డా."

మళ్ళీ చేసింది. మళ్ళీ అదే చెప్పాను. ఆ మాట చెబుతున్నప్పుడు నేను ఆనుకుని నిలబడింది ఆ లేత్‌కే. "బస్సెక్కి ఇక్కడికి రా, నేను నేర్పిస్త" అంటే అయిపోయేది. మా ఇంట్లో పెళ్ళిళ్ళై వెళ్ళిన నా కూతుళ్ళ గది ఖాళీగానే ఉంది, మా ఆవిడ వారం రోజులు అన్నం పెట్టలేని మనిషి కాదు. కాని రమ్మంటే మిషన్లు ఇక్కడున్నాయని ఒప్పుకోవాలి. ఆ ఒక్క మాట దాచుకోవడానికి ఆ పిల్ల రోజులు ఒక్కొక్కటే పోగొట్టాను. చైర్మన్ చెప్పిన పని చేశాను అనుకోవచ్చు, మిషన్ల వరకు. ఆ ఫోన్‌లో మాట్లాడమని నాకు ఏ చైర్మనూ చెప్పలేదు. కొన్నాళ్ళకు ఫోన్లు ఆగిపోయాయి. హమ్మయ్య అనుకున్నాను. అవును, అదే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం వర్క్‌షాప్ గుమ్మంలో నీడ పడితే తలెత్తాను. భుజానికి సంచి, చేతిలో చెప్పులు. ఒక చెప్పు తెగింది.

"టెస్టుకు వచ్చిన సార్. ఈడికి దగ్గరనే గద, మిమ్ముల కల్సి పోదామని."

స్టూలు ముందుకు జరిపాను. మంచినీళ్ళు ఇచ్చాను. లేత్‌కు ఆమెకు మధ్య నిలబడ్డాను, టన్నుల ఇనుమును నా ఒంటితో దాచగలిగినట్టు.

"ఎట్ల జేసినవ్ బిడ్డా?"

"టూలు ఎక్కువ దిగింది సార్. కడ్డీ కరాబైంది. మల్లొకటి అడిగిన, ఇయ్యలే." నీళ్ళు తాగింది. "కీ మాత్రం తీసి పక్కన పెట్టిన సార్. గదొక్కటి మంచిగ జేసినవన్నరు."

గ్లాసు పెట్టడానికి లేచింది. లేచినప్పుడు చూసింది. టార్పాలిన్ సగం జారి ఉంది, లేత్ తలకాయ మీద ఆమె పెట్టిన బొట్లు వెలిసిపోయి ఇంకా కనిపిస్తున్నాయి. నన్ను దాటుకుని వెళ్ళింది. బొట్ల మీద వేలు ఆనించింది.

చక్కులో కీ ఉంది. పొద్దున ఏదో చిన్న పనికి కడ్డీ బిగించి, కీ తీయకుండా వదిలేసింది నేనే. ఆమె దాన్ని లాగి, పక్కన ట్రేలో మెల్లగా పెట్టింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"సర్వీసింగ్ మంచిగ అయిందా సార్?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉందా అని వెతికాను. ఉంటే నాకు తేలికయ్యేది. ఎన్నేళ్ళుగా వెతికినా దొరకడం లేదు. నా ముఖం నిలబెట్టడానికి ఆమే ఆ మాట అందించిందని ఒక్కోసారి అనిపిస్తుంది. అలా అనిపించిన రోజు అన్నం సయించదు.

ఉన్న మాట చెప్పడానికి అంతకంటే మంచి తరుణం ఉండదు. ఎదురుగా మిషన్, ఎదురుగా ఆ పిల్ల, షెడ్డులో ఇంకెవరూ లేరు. హెచ్‌ఓడీ లేడు, చైర్మన్ లేడు.

"అయింది బిడ్డా" అన్నాను.

ఆమె తలూపి, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.